పాత పటంలో ఏటి స్టేషన్

ఇంట్లో ఆమెను చిన్నమ్మాయి అనే పిలిచేవారు. పెద్దమ్మాయి అంటూ ఎవరూ లేరు. కొత్తగా పరిచయమైన వాళ్ళు మాటవరసకు "మరి మీ పెద్దమ్మాయి ఎక్కడుంటోంది?" అని అడిగితే తల్లి ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. తండ్రి రేడియో సౌండు పెంచేవాడు. పిలుపులు ఎక్కడ పుడతాయో ఎవరు చెప్పగలరులే అనుకుని చిన్నమ్మాయి పెద్దదైంది, చదువుకుంది, ఉద్యోగంలో చేరింది. జుట్టులో తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి.

ఆమె ఉద్యోగం సర్వే ఆఫీసులో, పాత పటాల గదిలో. ఎండ తగలకూడదని అక్కడి కిటికీలకు మందపాటి తెరలు కట్టారు. గోడ పొడవునా వెడల్పాటి ఇనుప సొరుగులు ఉంటాయి. వాటిలోంచి పటాలను ఒక్కొక్కటే తీసి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, మడతల దగ్గర చిరిగినచోట పల్చని కాగితం అతికించి, బరువుల కింద చదును చేసి, స్కానర్ మీద పరవడం ఆమె పని. తొందరపడితే చెడిపోయే పని. ఆమె తొందరపడే మనిషి కాదు. "మా ఆవిడ అన్నం తినడం కూడా పటం అతికించినట్టే ఉంటుంది" అని భర్త నవ్వుతుండేవాడు.

ఆ ఏడు, మూతబడిన ఒక శాఖాఫీసు నుంచి చెక్కపెట్టెల్లో కొన్ని పటాలు వచ్చాయి. ఒక ఏటి వెంబడి, దాన్ని ఆనుకుని పోయిన పాత రైలు దారి వెంబడి ఉన్న పల్లెల పటాలవి. వాటిలో ఒకే ప్రాంతానికి వేర్వేరు కాలాల్లో వేసిన మూడు పటాలను ఆమె బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసుకుంది.

మొదటిది రైలు లేని కాలంది. నీలం రంగు ఏరు తీరిగ్గా మెలికలు తిరుగుతూ పోతోంది. ఒడ్డున పడవవాళ్ళ ఇళ్ళు నల్ల చుక్కల్లా ఉన్నాయి. ఈ రేవు నుంచి ఆ రేవుకు చుక్కల గీత, దాని మీద 'పడవ' అన్న మాట. రెండో పటంలో అడ్డగీతలున్న నల్లని రైలు గీత ఏటిని దాటుతోంది. రైలు కట్టకు రెండు పక్కలా దువ్వెన పళ్ళలాంటి సన్నగీతలు. స్టేషన్, నీళ్ళ ట్యాంకు, బావి, వంతెనకు ఇవతల ఒంటరిగా, పట్టాలు చూసే కూలీలు ఆగే గ్యాంగు గుడిసె ఒకటి. పడవ గీత మాత్రం లేదు. వంతెన వచ్చాక పడవ ఎవరెక్కుతారు? రేవు దగ్గరి చుక్కలు పల్చబడి, స్టేషన్ చుట్టూ కొత్త చుక్కలు మొలిచాయి. మూడోది వరదలో వంతెన కూలిపోయి లైను ఎత్తేశాక వేసిన పటం. రైలు గీత ఉండాల్సినచోట బండిబాట గుర్తు ఉంది. స్టేషన్ పక్కన 'పాడుబడినది' అని రాశారు. చుక్కల గీత, 'పడవ' అన్న మాట మళ్ళీ వచ్చి కూర్చున్నాయి.

రెండో పటంలో స్టేషన్ పేరు చదవగానే చిన్నమ్మాయి చేతిలో కుంచె ఆగిపోయింది. అమ్మానాన్నలు కాపురం పెట్టిన చోటు అది. తండ్రి గ్యాంగ్‌మన్‌గా కొత్తగా చేరిన రోజుల్లో అక్కడి క్వార్టర్లో ఉండేవారని ఆమెకు తెలుసు. వాళ్ళెప్పుడూ దాన్ని ఆ పెద్ద పేరుతో పిలవలేదు, ఏటి స్టేషన్ అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా తల్లి గొంతు కాస్త తగ్గేది.

అమ్మ సరదాపడుతుందని ఆ పటం నకలు ఒకటి తీయించి, సెలవురోజు పుట్టింటికి పట్టుకెళ్ళింది.

"అమ్మా, నువ్వు కాపురానికెళ్ళిన ఊరు మా ఆఫీసుకి వచ్చిందే!"

"ఊరు రావడమేంటే? ఊరికి మనం వెళ్తాం గానీ." తల్లి కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీదికి వంగింది. "కోడి గెలికినట్టుంది. నాకేం అర్థమవుతుంది ఇందులో?"

చిన్నమ్మాయి వంతెన చూపించింది. అంతే, మిగతావన్నీ తల్లే వెతుక్కుంది. "ఇది బ్రిడ్జి అయితే, ఇదిగో నీళ్ళ ట్యాంకు. దీని కిందే బట్టలుతికేవాళ్ళం. బావి ఇటు ఉండాలే... ఆఁ, ఉంది. ఉప్పునీళ్ళ బావి. అందులో పప్పు వేస్తే సాయంత్రమైనా ఉడికేది కాదు." ఆమె వేలు రైలు గీత మీద మెల్లగా నడుచుకుంటూ పోయి, గ్యాంగు గుడిసె దగ్గర ఆగింది.

"ఇక్కడ మైలురాయి ఉండాలి. వెయ్యలేదా?"

"వేశారమ్మా. ఇదిగో, ఈ చిన్న గీత."

తల్లి దాని మీద వేలు ఆనించింది. ఎంతసేపటికీ తీయలేదు.

"ఇక్కడ మీ అక్క ఉంది," అంది.

చిన్నమ్మాయి తన చెవులను తానే నమ్మలేకపోయింది. తల్లి కళ్ళజోడు తీసి, పటం వైపే చూస్తూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకుపోయింది. తొలి కాన్పు ఆ క్వార్టర్లోనే జరిగింది. ఆడపిల్ల. కొద్ది రోజులే ఉంది. పిల్ల పోయిన పూట తల్లికి ఒళ్ళు తెలియని జ్వరం. జ్వరం దిగి కళ్ళు తెరిచేసరికి పక్కన పిల్ల లేదు. ఎక్కడ పెట్టారని అడిగితే, మైలురాయికీ గుడిసెకీ మధ్య, కట్ట కింద అని చెప్పాడు భర్త. లేచి అంత దూరం నడిచే ఓపిక వచ్చేలోపే బదిలీ ఉత్తర్వు వచ్చి పడింది.

"నాలుగు రోజులు ఆగండి, ఒక్కసారి చూసొస్తాను అని బతిమాలాను. ఆర్డరు ఆర్డరే అన్నారు మీ నాన్న. పోనీ రైల్లోంచైనా చూద్దామనుకున్నాను. నేను కూర్చున్న వైపు ఏరు, గుడిసె అటువైపు. అందర్నీ తోసుకుని అటు కిటికీ దగ్గరికి పరిగెత్తేసరికి బ్రిడ్జి మోత మొదలైపోయింది."

"మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదా అమ్మా?"

"ఏ రైలెక్కి వెళ్ళను? వరదొచ్చి లైనే పోయింది. తర్వాత నువ్వు పుట్టావు. నీ పళ్ళు, నీ జ్వరాలు, నీ బడి." తల్లి పటం అంచును చీరకొంగుతో తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు. "చూడాలనుందే. చూస్తే ఏమొస్తుందని మాత్రం అడక్కు."

ఆ సాయంత్రం బస్సులో ఇంటికి పోతూ చిన్నమ్మాయి "అక్క" అన్న మాటను పెదాల మీదే పలికి చూసుకుంది. ఆఫీసులో ఎంతమందినో అక్కా అని వరస కలిపి పిలిచింది గానీ, సొంత మనిషిని ఆ మాటతో ఎన్నడూ పిలవలేదు. ఉన్నట్టుండి తనకన్నా ముందు ఆ ఇంట్లో ఎవరో నడిచినట్టు, తన గౌన్లన్నీ వాళ్ళు తొడిగి విడిచినవే అయినట్టు అనిపించింది. ముందు సీటు మీద తలవాల్చి ఉండగానే దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే కంప్యూటర్ విభాగంలో పనిచేసే వదిన దగ్గర కూర్చుంది. అందరికీ వదినే ఆవిడ. పాత పటాన్ని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద సరిగ్గా కూర్చోబెట్టడంలో ఆవిడ చేయి తిరిగిన మనిషి.

"ఏంటి, అక్కడ స్థలం కొంటున్నావా?" అంది వదిన.

"కొనేదేం లేదు వదినా. ఈ గుడిసె ఇప్పుడెక్కడుందో చూడాలి."

మారకుండా ఉండిపోయిన గుర్తులు కావాలి. గుట్ట మీద సర్వేవాళ్ళు పాతిన రాయి ఉంది. కూలిన వంతెన కాళ్ళు ఏటిలో ఇంకా నిలబడే ఉన్నాయి. ఒక్కొక్క గుర్తునూ కలుపుతూ వదిన పటాన్ని అటూ ఇటూ జరిపింది. చివరికి మౌస్ వదిలేసి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"గుడిసె నీళ్ళలో పడిందే పిల్లా."

"మళ్ళీ చూడు వదినా."

"చూశాను. రాయి కూర్చుంది, వంతెన కాళ్ళు కూర్చున్నాయి. ఏరే కూర్చోలేదు. ఇటువైపు ఒడ్డంతా కోసుకుంటూ వచ్చేసింది. పోనీ ఒడ్డు దగ్గరా అంటే అదీ కాదు, నడిమధ్యలో ఉంది." అప్పుడు ఆమె ముఖం చూసి, "ఎవరిది ఆ గుడిసె?" అని నెమ్మదిగా అడిగింది. చిన్నమ్మాయి చెప్పింది. వదిన తెర మీది ఆ బొమ్మను రెండు కాపీలు తీసి చేతిలో పెట్టింది.

తల్లికి ఈ మాట ఎలా చెప్పాలో తోచలేదు. ముందు తండ్రికి చెబుదామనుకుని వెళ్ళింది. ఆయన వాకిట్లో పీట వేసుకుని, కుర్చీ కాలికి మేకు దిగ్గొడుతున్నాడు. గ్యాంగ్‌మన్‌గా చేరి మేస్త్రీగా రిటైరైన మనిషి. ఇంట్లో వదులుగా ఏది కనిపించినా చేతులు ఊరుకోవు.

"నాన్నా, ఏటి స్టేషన్ దగ్గర గ్యాంగు గుడిసె ఉన్నచోటు ఇప్పుడు ఏటిలో ఉంది."

సుత్తి గాల్లో ఆగింది. "తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"వరద తర్వాత పట్టాలు ఎత్తడానికి వేరే సెక్షన్ల నుంచి మనుషుల్ని పిలిచారు. నన్నెవరూ పిలవలేదు, నేనే పేరిచ్చాను. మీ అమ్మకి డ్యూటీ అని చెప్పి వెళ్ళాను. వెళ్తే ఏముంది? రాయి లేదు, గుడిసె లేదు. కట్ట అక్కడిదాకా వచ్చి, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. కింద నీళ్ళు."

"అమ్మకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఏమని చెప్పను? పిల్ల ఆ కట్ట కింద ఉందనుకుంటోంది కదా. అలాగే అనుకోనీ అనుకున్నాను."

గుమ్మంలో అలికిడైంది. తల్లి నిలబడి ఉంది, చేతిలో ఆరిన బట్టలతో. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. బట్టలన్నీ అక్కడే అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో కొన్నాళ్ళు పళ్ళేలే మాట్లాడాయి. భర్త ముందు పళ్ళెం పెట్టే చప్పుడులోనే ఆమె తను అనాల్సినవన్నీ అనేసేది. ఆయన కూరలో ఉప్పు లేకపోయినా అడక్కుండా తిని లేచేవాడు. చిన్నమ్మాయి మధ్యలో రాయబారాలు నడిపింది గానీ, ఏదీ సాగలేదు. "నేను ఏడుస్తానని దాచారట," అంది తల్లి ఒకరోజు కూతురితో, గోడకు చెబుతున్నట్టు. "నేను ఏడవకుండా ఎప్పుడున్నానట? తెలిసి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదా. ఒక్కరే మోసుకు తిరిగితే ఏం ఒరిగింది ఆయనకి?"

మరికొన్ని రోజులకు, ఒక పొద్దున, భర్త చెప్పులు తొడుక్కుంటుంటే ఆమే వెనకనుంచి అంది: "ఏరైతే ఏరే. తీసుకెళ్ళి చూపించండి."

ముగ్గురూ బస్సు దిగి, పాత రైలు కట్ట మీదుగా పోయే బండిబాట పట్టారు. ఎండ ఇంకా ముదరలేదు. చిన్నమ్మాయి చేతిలో పటం పట్టుకుని నడుస్తూ, ముందు పోతున్న తండ్రిని గమనించింది. ఆయన నడక మారిపోయింది. బాట మీద ఇప్పుడు పట్టాలూ లేవు, వాటి కింది స్లీపర్ దిమ్మలూ లేవు, అయినా ఒక స్లీపర్ మీంచి ఇంకో స్లీపర్ మీద అడుగు వేస్తున్నట్టు పొట్టి పొట్టి అడుగులు వేస్తున్నాడు. తల్లి కూడా చూసింది. ఆమె ముఖంలో బిగువు కాస్త సడలింది.

స్టేషన్‌కు కప్పు లేదు. టిక్కెట్లిచ్చే గదిలో ఎవరో పశువుల మేత దాచుకున్నారు. క్వార్టర్ల చోట పునాది రాళ్ళు మిగిలాయి. తల్లి ఆ రాళ్ళ మధ్య నిలబడి, "ఇది వంటిల్లు. ఇక్కడ పొయ్యి. ఇక్కడ మంచం" అని చేత్తో చూపించింది. మంచం చూపించినచోట ముళ్ళమొక్క ఒకటి పెరిగి ఉంది. దానికి కొంగు తగలకుండా పక్కనుంచి వచ్చింది, మంచం మీద ఎవరో పడుకుని ఉన్నట్టే.

రేవులో పడవ ఉంది. పడవవాడు మాటకారి. వాళ్ళు అడక్కుండానే తన వంశమంతా చెప్పుకొచ్చాడు. "బ్రిడ్జి ఉన్నన్నాళ్ళూ మా తాత చేపలు పట్టుకుని బతికాడండి. రైలు కూత వినబడితే చాలు, తిట్టేవాడు. తర్వాత ఏరే మా పడవ మాకిచ్చింది. అవతలి ఒడ్డుకేనా అమ్మా?"

"కాదు బాబూ, మధ్యలోకి."

"మధ్యలో ఏముందమ్మా, నీళ్ళు తప్ప?"

"మా పెద్దమ్మాయి ఉంది," అంది తల్లి. ఇంటికొచ్చినవాళ్ళు ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పని మనిషి, ముఖమైనా తెలియని పడవవాడికి చెప్పింది.

అతను బీడీ నీళ్ళలో పడేసి, చేయి అందించి ఆమెను ఎక్కించాడు.

చిన్నమ్మాయి ఫోనూ పటమూ పట్టుకుని ముందు కూర్చుంది. తండ్రి వంతెన కాళ్ళనూ, అవతల గుట్టనూ చూస్తూ నిలబడ్డాడు. "ఇంకాస్త పైకి పోనీ," అన్నాడాయన. ఫోన్‌లో వదిన గుర్తు పెట్టి పంపిన చుక్క కూడా ఇంకాస్త పైకే రమ్మంటోంది. ఒకచోట ఆయన చేయి ఎత్తాడు, కూతురు తల ఊపింది. పడవవాడు గెడ లోతుగా దించి, దాని మీద బరువంతా ఆనించి పడవను ఆపాడు. నీళ్ళు పడవ పక్కల్ని ఒరుసుకుంటూ పోతున్నాయి.

తల్లి పక్కకు వంగి ఏటిలో చేయి పెట్టింది. మోచేతి దాకా ముంచింది. నీళ్ళు ఆ చేతిని తమతో రమ్మన్నట్టు లాగుతున్నాయి.

"చల్లగా ఉంది," అంది.

ఏడుస్తుందని కూతురు భయపడింది. ఏడవలేదు. చిన్నమ్మాయి ఆ నీళ్ళను చూస్తూ, బస్సులో పెదాల మీద అనుకున్న మాటను పైకి అనాలనుకుంది. చివరికి దాన్ని మళ్ళీ పెదాల మీదే అనుకుంది. పడవవాడి చేతులు గెడ మీద వణుకుతున్నాయి. "ఎక్కువసేపు ఆపలేనమ్మా, ఏరు తోసేస్తోంది," అన్నాడు క్షమాపణలా. తల్లి తల ఊపింది. పడవ తిరుగుతున్నప్పుడు ఆమె కూర్చున్నచోటే వెనక్కి తిరిగి, ఒడ్డు తగిలేదాకా అటే చూసింది.

ఒడ్డున వంతెన తాలూకు పెద్ద రాయి ఒకటి పడి ఉంటే దాని మీద కూర్చున్నారు భార్యాభర్తలు. చిన్నమ్మాయి కాస్త ఎడంగా, ఇసుకలో కూర్చుంది.

"ఆ రోజు వాన పడుతోందా?" అని అడిగింది తల్లి. ఇన్నేళ్ళలో ఆమె ఇలా అడగడం ఇదే మొదలు.

"లేదు. బాగా ఎండ."

"దేంట్లో చుట్టారు?"

"నీ ఆకుపచ్చ చీరలో. మెత్తగా ఉందని అది తీశాను."

"ఆ చీర కోసం ఎంత వెతికానో. ఎవరో ఎత్తుకెళ్ళారనుకున్నాను." మళ్ళీ ఆమే, "గొయ్యి ఎవరు తీశారు?" అంది.

"మా గ్యాంగు మేస్త్రీ తను తీస్తానన్నాడు. నేనే తీశాను."

ఏటి మీంచి గాలి వీచింది. ఎవరూ అడక్కుండానే తండ్రి మళ్ళీ మొదలుపెట్టాడు.

"మధ్యాహ్నం గూడ్సు బండి వచ్చే వేళయింది. నీకు తెలుసుగా, అది వస్తే గుడిసెలో గిన్నెలు కూడా కదిలేవి. అప్పుడే మట్టి కప్పాను. ఆ మోతకి... ఏమో, నాకు మనసొప్పలేదు. జెండా తీసుకుని లైను మీద ఎదురెళ్ళి, నెమ్మదిగా పోనిమ్మని ఊపాను. ఏమైందని అరిచాడు డ్రైవరు. స్లీపర్ వదులైందన్నాను. పాపం, పాకుతున్నట్టు పోనిచ్చాడు."

"ఆ ఒక్కరోజేనా?"

"మర్నాడూ అలాగే చేశాను. ఆ మర్నాడూ. ప్రతి బండికీ. చివరికి లైను ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీద వచ్చి, స్లీపర్లన్నీ సుత్తితో కొట్టి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఎక్కడయ్యా వదులు అని నిలదీశాడు. ఉన్నమాట చెబితే వదిలేసేవాడేమో. నాకు నోరు రాలేదు. బళ్ళు ఊరికే లేటు చేస్తున్నాడని పైకి రాశాడు." ఆయన అరచేతులు మోకాళ్ళకు రుద్దుకున్నాడు. "ఆ బదిలీ అందుకే వచ్చింది."

తల్లి భర్త ముఖంలోకి తేరిపార చూసింది. ఇన్నేళ్ళూ ఆమె ఆ బదిలీని తిట్టుకుంటూనే ఉంది. రైల్వే వాళ్ళకు గుండె ఉండదని, కాగితాల మీద మనుషుల్ని జరుపుతారని, కనీసం నాలుగు రోజులు ఆగలేదని. ఆ మాటలు విన్నప్పుడల్లా కూడా ఆయన రేడియో సౌండు ఎందుకు పెంచేవాడో కూతురికి ఇప్పుడు తెలిసింది.

"అంటే నన్ను చూడకుండా చేసింది మీరేనన్నమాట," అంది తల్లి.

ఆయన ఒప్పుకున్నట్టు తల వంచుకున్నాడు.

"నిద్రపోతోందనుకున్నారా, బండి మోతకి లేస్తుందని?"

"అలాగే అనుకున్నాను."

ఆమెకు నవ్వొచ్చింది. వద్దనుకున్నా ఆగలేదు. "పిచ్చి మారాజా, గవర్నమెంటు రైళ్ళని పాకించారా!" అంటూ నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపుగా మారిందో చిన్నమ్మాయికి తెలియలేదు. తండ్రి చేయి ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచి, భార్య వీపు మీద వేశాడు. చిన్నమ్మాయి లేచి, పడవవాడికి డబ్బులిచ్చే వంకతో రేవు దాకా నడిచి వెళ్ళింది. అతను తీసుకోనన్నాడు.

ఆ ప్రయాణంతో తల్లి కోపం పూర్తిగా పోయిందంటే అబద్ధమే. తర్వాత కూడా అప్పుడప్పుడు పళ్ళెం గట్టిగానే చప్పుడు చేసేది. కానీ మాటలు మళ్ళీ మొదలయ్యాయి. ఏదో పనిలో ఉండగా, ఎక్కడా లేని ప్రశ్న ఒకటి వచ్చి పడేది. అంతకుముందు ఇద్దరూ అటు తొంగిచూడటానికే భయపడిన రోజుల్లోకి, ఇప్పుడు ఆమె వేళాపాళా లేకుండా వెళ్ళి వచ్చేది.

పటాలు స్కానింగ్ అయిపోయి సొరుగుల్లోకి చేరాక, ఒక సెలవురోజు చిన్నమ్మాయి పుట్టింటికి వెళ్ళింది. తల్లి చేటలో బియ్యం ఏరుతోంది. తండ్రి కిటికీ దగ్గర పేపరు చదువుతున్నాడు. చిన్నమ్మాయి చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే ఆగిపోయింది.

"దాని కళ్ళు నేను సరిగ్గా చూడనేలేదండీ," అంటోంది తల్లి, తలెత్తకుండా. "ఎప్పుడు చూసినా మూసుకునే ఉండేది. మీరు చూశారా?"

"చూశాను. ఒకసారి లాంతరు వైపు తిరిగి చూసింది."

"ఎలా ఉన్నాయి?"

"నల్లగా. మెరుస్తూ."

"ఇంకా?"

"ఇంకేముంటుందే? ఇంతే ఉండేది పిల్ల."

"ఏముంటే అదే చెప్పండి," అంది ఆమె.

తండ్రి పేపరు మడిచి పక్కన పెట్టాడు.